తెరమీది ప్రతిమలు, తెరవెనుక పనివాళ్లు

కళాచరిత్ర అంటే గుడిగోడ మీది శిల్పం, జమీందారు హాలులోని తైలవర్ణచిత్రం, ఆ తర్వాత ఎగ్జిబిషన్‌లో వేలాడే కాన్వాసు అన్న అభిప్రాయం మనలో ఇప్పటికీ బలంగానే ఉంది. అభ్యుదయ విమర్శ దీన్ని కొంతవరకు సరిదిద్దింది. చేర్యాల నకాషీల గురించి, తోలుబొమ్మల గురించి, గోడల మీద నినాదాలు రాసిన చేతుల గురించి మనం మాట్లాడుకున్నాం. కానీ ఇవాళ రచయితలం, విద్యార్థులం, గుమాస్తాలం అందరం గంటల తరబడి కళ్ల ముందు పెట్టుకునే బొమ్మల్ని మాత్రం బొమ్మలుగా లెక్కించనే లేదు. కంప్యూటరు తెరవగానే కనిపించే పసుపుపచ్చ ఫోల్డరు, చెత్తబుట్ట, మూల మడిచిన కాగితం, కత్తెర, కుంచె. వీటిని ఎవరో కూర్చుని గీశారు. ఏదో ఒక పనిచోటును చూసి గీశారు. ఆ పనిచోటు ఎవరిది? అక్కడ పనిచేసిన వాళ్లు ఏమయ్యారు?

ఈ ప్రశ్నను నేను జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల వైపు నుంచి అడగదలచాను. దానికి కారణం ఉంది. తెలుగువాళ్లలో బొమ్మ గీయడం ఒక రోజువారీ వృత్తిగా, పెద్దయెత్తున సాగిన రంగం సినిమా. కుంచె, బ్లేడు, డార్క్‌రూము పనివాళ్ల చేతుల్లోంచి జారి తెరమీది బొమ్మలుగా మారిపోవడం అక్కడ ఒకే తరం కళ్లముందు జరిగింది. ఈ బొమ్మల చరిత్రను కాలిఫోర్నియా ప్రతిభావంతుల కథగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆ కథలో అబద్ధమేమీ లేదు గాని, అది సగమే.

ముందు పుట్టుక సంగతి చూద్దాం. నకలు యంత్రాలు అమ్మే అమెరికా కంపెనీ జిరాక్స్ 1970లో పాలో ఆల్టోలో ఒక పరిశోధనాలయం పెట్టింది. ఆఫీసులో కాగితం స్థానంలోకి తెర వస్తే తన వ్యాపారం ఏమవుతుందన్న ఆలోచన దాని వెనుక ఉంది. తెరమీద చిన్న బొమ్మను వేలితో చూపినట్టు చూపి పని చేయించుకోవచ్చన్న ఊహకు 1975లో డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ అనే పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో రూపమిచ్చాడు. ఆ బొమ్మకు 'ఐకన్' అని పేరు పెట్టిందీ ఆయనే. ఆ మాటను ఆయన తూర్పు క్రైస్తవ చర్చిల నుంచి తెచ్చుకున్నాడు. ఆ చర్చిలలో మహనీయుల పటాన్ని భక్తులు ఉత్త పటంగా చూడరు, ఆ మహనీయుడి గుణం అందులోనే ఉందని నమ్ముతారు. తెరమీది కాగితం బొమ్మ కూడా అంతే. దాన్ని లాగితే కాగితం కదులుతుంది, బుట్టలో పడేస్తే కాగితం పోతుంది. మన అనువాదకులు ఐకన్‌కు 'ప్రతిమ' అనే మాట వాడారు. బొమ్మలకొలువులోని బొమ్మకూ, ప్రాణప్రతిష్ఠ చేసిన ప్రతిమకూ తేడా తెలిసిన భాష మనది. ఈ అనువాదం చేసినవారికి ఆ చర్చి సంగతి తెలుసో లేదో గాని, మాట సరిగ్గా అతికింది.

1981లో జిరాక్స్ తన స్టార్ యంత్రాన్ని మార్కెట్లో పెట్టింది. ఒక్కొక్కటి సుమారు 16,000 డాలర్లు. దాని బొమ్మలు గీసినవాడు నార్మన్ కాక్స్. నలుగురు చిత్రకారుల చేత నాలుగు రకాల బొమ్మల వరుసలు గీయించి, జనం మీద ప్రయోగించి చూసి, చివరికి కాక్స్ వరుసను ఎంచుకున్నారు. మూల మడిచిన కాగితం, ఫోల్డరు, బీరువా, లోపలికి వచ్చే ఉత్తరాల బుట్ట, బయటికి పోయే ఉత్తరాల బుట్ట ఉన్న ఆ వరుసే కొద్ది మార్పులతో ఇవాళ్టిదాకా నడుస్తోంది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. స్టార్ యంత్రాన్ని కొనగలిగినవాడు, దాని కోసం ఉద్దేశించబడినవాడు ఆఫీసులో అధికారి. కాని ఆ తెరమీద గీసిన పనులు అధికారి తన చేత్తో ఏనాడూ చేసినవి కావు. ఫోల్డర్లో కాగితం పెట్టడం, బీరువాలో వరుసలో సర్దడం, ఉత్తరాలు వచ్చిన బుట్ట నుంచి పోయే బుట్టకు చేర్చడం, టైపు కొట్టడం. ఇవన్నీ ఆయన గది బయట కూర్చున్న సెక్రటరీ పనులు, టైపిస్టు పనులు, గుమాస్తా పనులు. వారిలో అత్యధికులు స్త్రీలు. తెరమీది ఆఫీసులో వాళ్ల పనిముట్లన్నీ ఉన్నాయి. వాళ్లు మాత్రం లేరు. ఇది యాదృచ్ఛికం అని నేననుకోను. ఆ యంత్రం అమ్ముడుపోవడంలోని అర్థమే అది: పనిముట్టును బొమ్మగా ఉంచుకుని పనివాడిని తీసేయవచ్చు.

ఫోల్డరు పసుపుపచ్చగా ఎందుకుంటుందో కూడా చూడండి. అమెరికా ఆఫీసుల్లో వాడిన గట్టి పసుపు కాగితానికి మనీలా అని పేరు. ఫిలిప్పీన్స్‌లో పండే అబాకా అనే అరటిజాతి మొక్క నార నుంచి మొదట దాన్ని చేసేవారు, అందుకే ఆ దేశపు రాజధాని పేరు దానికి వచ్చింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం చేసి అమెరికా ఆ దీవులను తన వలసగా చేసుకుంది. అంచున చెవిలాంటి చీటీ ఉన్న ఫోల్డర్లను నిలువుగా పేర్చే బీరువాను 1893 షికాగో ప్రదర్శనలో ప్రవేశపెట్టారు. నార కాలక్రమేణా పోయింది, కాగితం పోయింది, వలస కూడా పోయింది. రంగు మాత్రం మిగిలింది. అమలాపురంలో కుర్రవాడు తన పాటలు దాచుకునే సంచయం రంగు ఫిలిప్పీన్స్ నార రంగు.

ఆపిల్ కంపెనీ 1983లో లీసా యంత్రాన్ని, 1984 జనవరిలో మకింటాష్‌ను తెచ్చింది. మకింటాష్ బొమ్మలు గీసిన సూసన్ కేర్ కళల్లో డాక్టరేటు చేసి, శిల్పం పనిలో ఉన్న మనిషి. కంప్యూటర్ల గురించి తెలియదు. పాఠశాల నాటి స్నేహితుడు పిలిస్తే వెళ్లింది. గళ్ల పుస్తకం ఒకటి కొని, నిలువు 32, అడ్డం 32 గళ్లు తీసుకుని ఒక్కో గడిని నలుపు చేయాలా, తెల్లగా వదలాలా అని చూసుకుంటూ గీసింది. మొత్తం 1024 గళ్లు. బూడిదరంగు లేదు, మరో రంగు లేదు. మొజాయిక్ రాళ్లు పేర్చడం, కుట్టుపని ఈ పనికి దగ్గరి చుట్టాలని ఆమే చెప్పుకుంది.

ఆ మాట వినగానే తెలుగు పాఠకుడికి తట్టవలసినవి రెండున్నాయి. ఒకటి చుక్కల ముగ్గు. పదిహేను చుక్కలు పెట్టి, ఒకటి వదిలి ఒకటి కలిపి నెమలిని తెచ్చే ఆడవాళ్లకు 1024 గళ్ల సమస్య కొత్తదేమీ కాదు. రెండోది పోచంపల్లి. అక్కడ చీర నమూనాను గ్రాఫు కాగితం మీద గళ్లుగా వేసుకుని, ఆ గళ్ల లెక్క ప్రకారం నూలుకు ముళ్లు కట్టి రంగులద్దుతారు. నేతకు ముందే బొమ్మ నూలులో ఉంటుంది. మనవాళ్లే ముందు కనిపెట్టారు అని చెప్పడానికి నేనీ మాట అనడం లేదు. అలాంటి గొప్పలు మనకు అక్కర్లేదు. గళ్లలో ఆలోచించే చెయ్యి ఒక దేశానికో, ఒక కంపెనీకో చెందినది కాదని మాత్రమే నా ఉద్దేశం.

చెందుతుందని ఆపిల్ వాదించింది. 1988లో మైక్రోసాఫ్ట్ మీదా, హ్యూలెట్ పాకార్డ్ మీదా దావా వేసింది. తెరమీది కిటికీలు, బొమ్మలు, వాటి అమరిక తన ఆస్తి అన్నది. జిరాక్స్ ఆలోచనలను చూసి నేర్చుకున్న కంపెనీ ఈ దావా వేయడం గమనార్హం. 1994లో అప్పీలు కోర్టు ప్రధాన వాదనను తోసిపుచ్చింది. ఆ వ్యాజ్యంలో చెత్తబుట్ట బొమ్మ కూడా చర్చకు వచ్చింది. చెత్తబుట్ట ఎవరి సొత్తు అని పెద్ద పెద్ద లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకున్న కాలం అది. 1995 విండోస్‌లో చెత్తబుట్ట బదులు 'రీసైకిల్ బిన్' దర్శనమిచ్చింది.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, సామాన్యుడి కంప్యూటర్లో తెలుగు అక్షరం సరిగా కనిపించడం 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే మొదలైంది. మరోపక్క ఎవరైనా చూడగలిగే, మార్చగలిగే, పంచగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమం వచ్చింది. 1996లో జర్మనీలో మొదలైన కెడిఇ, 1997లో మెక్సికో యువకులు మొదలుపెట్టిన గ్నోమ్, లినక్స్ యంత్రాలకు తెరను తయారుచేశాయి. వాటిని తెలుగులోకి తెచ్చే పనికి అనేకమంది పూనుకున్నారు. ఎక్కువమంది జీతం లేకుండానే పనిచేశారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి విద్యార్థులను కూడగట్టి, తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి పంచింది. ఫిల్మ్‌నగర్ గుట్టకు పడమట కొద్ది దూరంలోని గచ్చిబౌలి దాని కేంద్రం.

ఈ అనువాదకుల పనిని మన సాహిత్య పత్రికలు పట్టించుకోకపోవడం అన్యాయం. ఫైలు 'దస్త్రం' అయింది. ఫోల్డరు 'సంచయం' అయింది. ట్రాష్ 'చెత్తబుట్ట' అయింది. అన్నింటికంటే సాహసం డెస్క్‌టాప్‌కు కొందరు 'రంగస్థలం' అనడం. బల్ల ఉపరితలం అనే మాట మనకు ఏ పోలికనూ ఇవ్వదు. కూర్చుని రాసుకునే బల్ల మన ఇళ్లలో చాలామందికి లేదు. పాత్రలు వచ్చిపోయే చోటుగా తెరను ఊహించిన ఆ అనువాదకుడికి సురభి నాటకాలో, వీధి భాగవతమో తెలిసి ఉండాలి. నాకు ఈ మాట ఇష్టం. వాడుకలో 'డెస్క్‌టాప్'దే పైచేయి అయిందన్నది వేరే సంగతి.

అయితే మాట మారింది, బొమ్మ మారలేదు. గ్నోమ్, కెడిఇ తెరల అనువాదం అంటే మాటల పట్టికకు అనువాదం. బొమ్మల వరుస అన్ని భాషలకూ ఒకటే. సంచయం అని తెలుగులో రాసి ఉంటుంది, పైన అదే అంచు చీటీ ఫోల్డరు ఉంటుంది. భాషను అనువదించాలి, బొమ్మ విశ్వజనీనం అన్న భావన దీని వెనుక ఉంది. ఏ వర్గపు, ఏ దేశపు పనిచోటో తనను తాను విశ్వంగా చెప్పుకున్నప్పుడు మనం జాగ్రత్తపడాలని సాహిత్య విమర్శలో ఎన్నోసార్లు చెప్పుకున్నాం.

దీనికి మందుగా కొందరు మిత్రులు దేశీయ బొమ్మలు కావాలంటారు. ఫోల్డరు బదులు తాటాకుల కట్ట, ఉత్తరం బదులు హంస, ఇంటి గుర్తుకు పూరిపాక. ఈ వాదనతో నేను ఏకీభవించలేను. మొదటిది, అది మ్యూజియం దేశీయత. తాటాకు ఎవరి ఇంట్లో ఉండేది? చదువు ఎవరికి నిషిద్ధమో వారి ఇంట్లో లేదు. రెండోది, మనదని సగర్వంగా తీసుకున్న మాటలోనూ వర్గం దాగి ఉంటుంది. 'దస్త్రం' అనే మాటనే తీసుకోండి. గుడ్డలో మూటగట్టిన కరణం లెక్కల కట్ట అది. ఊళ్లో ఏ చెక్క ఎవరిదో ఆ కట్ట చెప్పేది, ఆ కట్టను కరణం చెప్పించేవాడు. 1946-51 తెలంగాణా పోరాటంలో రైతులు దొరల గడీల మీద పడ్డప్పుడు అప్పుపత్రాలను, భూమి కాగితాలను తగలబెట్టడం ఊరికే జరగలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారాన్ని రద్దు చేసేదాకా ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆ మూట చేతులు మారుతూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. ఇప్పుడు అదే మాట మన తెరమీద ప్రతి కాగితం కింద ఉంది. మాటను వదలమని నేననడం లేదు. దాని చరిత్ర తెలిసి వాడదాం అంటున్నాను.

మరి బొమ్మ విషయంలో మనకు నిజంగా వారసత్వం లేదా? ఉంది. తాటాకుల్లో కాదు, జనం కోసం గీసిన బొమ్మల్లో ఉంది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. 1951-52 ఎన్నికలలో ప్రతి అభ్యర్థికీ వేరే పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అతికించారు. కాంగ్రెసుకు కాడెద్దులు, కమ్యూనిస్టు పార్టీకి కంకి కొడవలి, సోషలిస్టులకు చెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె. చదువురాని మనిషి ఒక్క చూపులో పోల్చుకోవాలి, పక్క గుర్తుతో పొరబడకూడదు, చిన్న కాగితం మీద నాసిరకం అచ్చులో కూడా చెదరకూడదు. సూసన్ కేర్ ముందున్న షరతులకూ వీటికీ తేడా ఏముంది? ఎన్నికల సంఘంలో పెన్సిలుతో ఈ గుర్తులు గీసిన ఎం.ఎస్. సేఠీ 1992లో పదవీ విరమణ చేశాడు. ఆయన గీసిన గుర్తులు ఆ తర్వాత కూడా ఓటు కాగితం మీద, ఓటు యంత్రం మీద కొనసాగాయి. కోట్లమంది వేలు పెట్టి నొక్కిన ఆ బొమ్మల చిత్రకారుడి పేరు మన చిత్రకళా చరిత్రల్లో వెతికితే దొరకదు.

సినిమా చేసింది కూడా ఇదే పని. పేరు చదవలేని ప్రేక్షకుడు విజయా వారి జెండా చూసి, వైజయంతీ వారి శంఖం పూరించే కృష్ణుణ్ణి చూసి కంపెనీని గుర్తుపట్టాడు. పోస్టరులో అక్షరాన్ని బొమ్మగా మార్చారు. బాపు రాసిన పేర్లను చదవక్కర్లేదు, ఆ వంపు చూస్తే చాలు. పాలకొల్లులో పుట్టి మద్రాసు చేరిన ఈశ్వర్ 1967లో బాపు తీసిన 'సాక్షి' పబ్లిసిటీతో మొదలుపెట్టి దశాబ్దాల పాటు వందలాది సినిమాలకు డిజైన్లు చేశాడు. తన వృత్తి చరిత్రను 'సినిమా పోస్టర్' పేరుతో తనే పుస్తకంగా రాసుకున్నాడు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు ఒక పోస్టరు చిత్రకారుడికి దక్కిందంటే అది ఆయనకే. 2021లో చనిపోయాడు. ఆ పుస్తకం ఆయన రాయకపోతే మన విమర్శకులు రాసేవారు కారు. సందేహం అక్కర్లేదు.

పోస్టరు డిజైనరుకైనా ఒక పేరుంది. దాన్ని నలభై అడుగుల బ్యానరుగా పెంచి రాసినవాడికి అదీ లేదు. చేతిలోని స్టిల్లు మీద గళ్లు కొట్టి, గుడ్డ మీద అవే గళ్లు పెద్దవిగా కొట్టి, ఒక్కో గడినీ పెంచుకుంటూ పోవడం అతని పద్ధతి. సూసన్ కేర్ గళ్లలోకి కుదించింది, ఇతను గళ్లలోంచి విప్పాడు. గణితం ఒకటే. కూలి వేరు.

పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన తీరు అందరికీ తెలిసిందే. ప్రభుత్వం రాయితీలిచ్చింది, గుట్టల మీద స్థలాలిచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది, తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు. తారలు, నిర్మాతలు జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లు కట్టుకున్నారు. లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ సహాయకులు, బ్యానర్లు రాసేవాళ్లు కింద కృష్ణానగర్ ఇరుకు గదుల్లో సర్దుకున్నారు. సినీ కార్మికులకని చిత్రపురి కాలనీ మణికొండలో లేచింది ఎంతో కాలం తర్వాత. గుట్ట మీది వాళ్ల పేర్లు తెరమీద ముందు పడతాయి. గుట్ట కింది వాళ్ల పేర్లు పడేసరికి హాల్లో లైట్లు వేస్తారు.

1990లు ముగిసి కొత్త శతాబ్దం వచ్చేసరికి ఫ్లెక్సు వచ్చింది. పదిమంది వారం రోజులు రాసే బ్యానరును యంత్రం గంటల్లో ముద్రించింది. రంగు పనివాళ్లు కొందరు ఆటోలు కొనుక్కున్నారు, కొందరు బడిగోడల మీద సూక్తులు రాశారు, కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు. కొద్దిమంది కంప్యూటరు ముందు కూర్చున్నారు.

ఆ కొద్దిమంది ముందు తెరిచింది ఫోటోషాప్. 1990లో అమ్మకానికి వచ్చిన ఆ సాఫ్ట్‌వేరును రాసిన అన్నదమ్ములిద్దరిలో ఒకడు, జాన్ నోల్, హాలీవుడ్‌లో ట్రిక్ ఫోటోగ్రఫీ చేసే కంపెనీ ఉద్యోగి. కనుక సినిమా సాఫ్ట్‌వేరు పనిముట్ల పెట్టెలో సినిమా పనివాడి పనిముట్లు ఉండటం సహజమే. ఎడమపక్క వరుసగా చూడండి: కుంచె, పెన్సిలు, రబ్బరు, రంగు ఒలికే డబ్బా, చుక్కలమందు గొట్టం. వీటిలో రంగు డబ్బా, పశువుల కాపరి విసిరే ఉచ్చుతాడు 1984 నాటి మ్యాక్‌పెయింట్ కోసం సూసన్ కేర్ గీసిన బొమ్మల సంతతి. అమెరికా పచ్చికబయలులో ఆవును పట్టే తాడు ఫిల్మ్‌నగర్‌లో హీరో తలను వెనుక గోడ నుంచి విడదీయడానికి పనికొస్తోంది. ఇంకో రెండు బొమ్మలున్నాయి. ఒకటి పుల్లకు అతికించిన నల్లటి గుండ్రటి అట్ట. మరొకటి సున్నాలాగా ముడిచిన చెయ్యి. డార్క్‌రూములో ఫోటో ప్రింటు వేసేటప్పుడు వెలుతురు పడకుండా ముఖానికి అట్ట అడ్డం పెడితే ఆ భాగం తేటపడుతుంది. పిడికిలి సందులోంచి వెలుతురు పోనిస్తే నల్లబడుతుంది. ఎర్రలైటు గదిలో జీవితం గడిపిన స్టిల్ ఫోటోగ్రాఫర్ల సహాయకుల చెయ్యి అది. ఇప్పుడు దాన్ని నొక్కే కుర్రవాళ్లకు అది ఏ చెయ్యో తెలియదు.

కృష్ణానగర్‌లో ఒకప్పుడు బ్యానర్లు రాసిన పెద్దాయనతో ఈ సంగతులు మాట్లాడాను. ఇప్పుడు మేనల్లుడి ఫ్లెక్సు దుకాణంలో కూర్చుని రంగులు చెబుతుంటాడు. తెరమీది కుంచె బొమ్మ చూపి ఇదెలా ఉందని అడిగాను.

"ఇది ఎన్నో నంబరు కుంచె సార్?" అన్నాడు. నంబరు ఉండదు, చక్రం తిప్పితే ఎంత కావాలంటే అంతవుతుందని మేనల్లుడు చెప్పాడు. ఆయన కాసేపు చూసి, "వెంట్రుకలు అరగలేదు. నాలుగు బ్యానర్లు రాస్తే ఒక పక్కకి అరుగుతుంది. ఆ అరిగిన కుంచే ముక్కుకి పనికొచ్చేది" అన్నాడు.

నేను చదివిన ఐకన్ల చరిత్రల్లో ఇంత సూటి విమర్శ నాకు కనిపించలేదు. తెరమీది కుంచె ఎన్నడూ అరగదు. పనిముట్టు చేతికి అలవాటు పడటం, చెయ్యి పనిముట్టుకు అలవాటు పడటం అనే ప్రక్రియ బొమ్మలోకి రాలేదు. గీసినవారి తప్పు కాదది. ఐకన్ అనేది పనిముట్టు నిలువెత్తు లక్షణాన్నే పట్టుకుంటుంది, దాని ఆయుష్షును కాదు.

ఎడిటింగు గదిలోనూ ఇదే కథ. ఫిల్ము ముక్కలు కోసి అతికించే రోజుల్లో, వాడవలసిన షాట్లను గుడ్డ తొడిగిన పెద్ద తొట్టిపైన మేకులకు వేలాడదీసేవారు. ఆ తొట్టి పేరు బిన్. 1989లో వచ్చిన ఏవిడ్ యంత్రం షాట్లు దాచే చోటుకు ఆ పేరే పెట్టుకుంది. కోసే పనికి బ్లేడు బొమ్మ పెట్టారు. ముక్కలకు నంబర్లు వేసి, చుట్టి, వెతికి తెచ్చిచ్చిన సహాయకులు ఆ గదుల్లో ముగ్గురు నలుగురు ఉండేవారు. ఎడిటరు కావడానికి అదే బడి. బ్లేడు బొమ్మ మిగిలింది, బడి మూతపడింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: ఇదే యంత్రం వల్ల గుట్ట మీద ఎవరి సిఫారసూ లేని కుర్రవాళ్లు అద్దెగదిలో షార్ట్ ఫిల్మ్ కోసుకోగలుగుతున్నారు. యంత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు. దాని లాభం ఎవరి చేతికి పోయింది, దానివల్ల దారిన పడ్డవాడికి ఎవరు జవాబుదారీ అన్నదే అడగవలసింది.

ఇక చేయగలిగిన పని గురించి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో బొమ్మల వరుస మిగతా యంత్రం నుంచి విడిగా ఉంటుంది. ప్రతి బొమ్మకూ ఒక నిర్ణీతమైన పేరుంది. యంత్రం ఆ పేరునే వెతుకుతుంది, ఆ పేరు కింద మనం ఏ బొమ్మ పెట్టినా చూపిస్తుంది. 2005లో మొదలైన టాంగో అనే ప్రయత్నం ఈ పేర్లను, గీత పద్ధతిని, కొలతలను ఒక క్రమంలోకి తెచ్చింది. గీయడానికి ఇంక్‌స్కేప్ వంటి సాధనాలు ఉచితంగా ఉన్నాయి. అనుమతి అడగవలసిన కంపెనీ లేదు. అంటే బొమ్మ మార్చే హక్కు మన చేతిలోనే ఉంది. మరెందుకు మారలేదు? హక్కు ఉచితంగా దొరికింది గాని శ్రమ ఉచితం కాదు. పనికొచ్చే వరుస కావాలంటే కొన్ని వందల బొమ్మలు కావాలి. ఒక్కోదాన్ని చిన్న కొలతకు విడిగా గీయాలి, ఎందుకంటే పెద్ద బొమ్మను కుదిస్తే ముద్దవుతుంది. ఇది సాయంత్రాల్లో జరిగే పని కాదు, నెలల తరబడి కూలి ఇచ్చి చేయించవలసిన పని. అక్షరాలకు ఆ శ్రద్ధ కొంత దొరికింది. 2011-12లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి యూనికోడ్ ఫాంట్లు విడుదల చేయించాయి. వాటికి పెద్దన, తిమ్మన, ధూర్జటి అని రాయల కొలువు కవుల పేర్లు, గిడుగు, గురజాడ, సురవరం వారి పేర్లు పెట్టారు. బొమ్మలకు ఆ మాత్రం పోషణ కూడా దక్కలేదు.

నా సూచన ఇది. అనువాదకులు, చిత్రకారులు ఇంతవరకు ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. గచ్చిబౌలిలో మాటలు తయారుచేసినవారు, కృష్ణానగర్‌లో గళ్లు కొట్టినవారు ఒక ఊరివాళ్లే. తాటాకులు, హంసలు వద్దు. జనం ఇవాళ చేసే పనులను చూసి, ఆ పనులు చేసేవాళ్లను అడిగి గీయాలి. ఎన్నికల గుర్తుకు పెట్టిన పరీక్షే దీనికీ పెట్టాలి: పేరు చదవకుండా పోల్చుకోగలరా? మన సంఘం శాఖలు చిత్రకళా శిబిరాలు పెడుతూనే ఉంటాయి. అందులో ఒకదానికి ఇది విషయంగా తీసుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు, కూలి మాత్రం ఇవ్వాలి.

వీడియోల సంచయంతోనే మొదలుపెట్టవచ్చు. దాని మీద ఇప్పటికీ ఫిల్ము ముక్కే ఉంది. జపానులో ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిల్ము తయారీ 2013లో ఆపేసింది, మన హాళ్లలో ప్రొజెక్టర్లు దాదాపు అదే కాలంలో మారిపోయాయి. తెరమీది ఫిల్ము ముక్కకు అంచున చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో చట్రానికి ఇరువైపులా నాలుగేసి రంధ్రాలుండాలి. చిన్న కొలత బొమ్మల్లో చోటు చాలక రెండు, మూడు వేసి వదిలేస్తారు. పాజిటివ్ చేత్తో పట్టి, రంధ్రాలు లెక్కపెట్టి ముక్క కోసినవాళ్లు ఆ తేడాను చూడగానే చెబుతారు. కృష్ణానగర్‌లో, చిత్రపురిలో అడగడానికి వాళ్లు ఇంకా కొందరున్నారు.